చెయ్యి లేచిందా, ఎత్తాడా? ఒక ఫిలాసఫర్ అమెరికా కాలేజీ ఆటల పగ్గాలు పట్టిన తీరు

వంటింట్లోంచి గ్లాసు పగిలిన చప్పుడు వస్తుంది. అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పిల్లాడు ‘గ్లాసు పగిలిపోయిందమ్మా’ అంటాడు. ‘పగలగొట్టాను’ అని మాత్రం అనడు. ఆ రెండు మాటలకీ తేడా నాలుగేళ్ల వయసుకే వాడికి బాగా తెలుసు, ఒకదాంట్లో చేసినవాడు కనపడడు, రెండోదాంట్లో కనపడతాడు. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు: పడింది, పడేశాను, చిరిగింది, చింపాను, చెయ్యి లేచింది, చెయ్యి ఎత్తాను. బయటి నుంచి చూసేవాడికి చెయ్యి కదిలిన తీరు రెండింట్లోనూ ఒక్కటే. మరి తేడా ఎక్కడుంది? చెయ్యి ఎత్తాను అన్నదాంట్లోంచి చెయ్యి లేచింది అన్నదాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది అని ఫిలాసఫర్ విట్‌గెన్‌స్టైన్ అడిగింది దీని గురించే. ఇరవయ్యో శతాబ్దపు ఫిలాసఫీలో ఒక శాఖ మొత్తం ఈ ప్రశ్న చుట్టూ పెరిగింది.

ఆ శాఖలో పేరు తెచ్చుకున్నవాళ్లలో మైల్స్ బ్రాండ్ ఒకడు. చాలా ఏళ్లు ఇదే పని చేసి, తర్వాత రెండు పెద్ద యూనివర్సిటీలకి ప్రెసిడెంట్ అయ్యి, చివరికి అమెరికా కాలేజీ ఆటలన్నిటినీ నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి పెద్దగా కూర్చుని, ఆ కుర్చీలో ఉండగానే 2009లో చనిపోయాడు. ఫిలాసఫీ చదివినవాడికి బాస్కెట్‌బాల్‌తో ఏం పని అని ఆయన్ని చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి ఆయన జీవితంలో ఈ రెండూ వేరు వేరు గదులు కావు. ఎవరు చేశారు, తెలిసి చేశారా, చేయకుండా ఆగగలిగేవారా అన్న పాత ప్రశ్నలే కోచ్‌ల రూపంలో, స్కాలర్‌షిప్‌ల రూపంలో, టీవీ కాంట్రాక్టుల రూపంలో ఆయన ముందుకు మళ్లీ మళ్లీ వచ్చాయి. కొన్నిటికి మంచి జవాబు ఇచ్చాడు. ఒకదానికి మాత్రం ఆయన ఇచ్చిన జవాబు నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో ఆయన సొంత వాదంలోనే ఉంది.

బ్రాండ్ 1942లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1964లో రెన్‌సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిలాసఫీ డిగ్రీ చేశాడు (పాలిటెక్నిక్ అంటే మన దగ్గరి డిప్లొమా కాలేజీ లాంటిది అనుకోకూడదు, అది పేరున్న ఇంజినీరింగ్ యూనివర్సిటీ). 1967లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో, షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, అరిజోనాలో డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యి డీన్ దాకా వెళ్లాడు, ఒహాయో స్టేట్‌లో ప్రొవోస్ట్ (చదువు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) అయ్యాడు, 1989లో ఆరెగాన్ యూనివర్సిటీకి, 1994లో ఇండియానా యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయ్యాడు. అక్కడ ప్రెసిడెంట్ అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పోస్టు, కాకపోతే చేతిలో అధికారం, నెత్తిన డబ్బు తెచ్చే బరువు రెండూ ఎక్కువ.

ఆయన ఫిలాసఫీ పని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినవన్నీ దానితో చూస్తేనే బాగా అర్థమవుతాయి. మనిషి ఒక పని చేయడానికి సరిగ్గా ముందు క్షణంలో మనసులో ఏం జరుగుతుంది అన్నది ఆయన అసలు ప్రశ్న. 1984లో వచ్చిన పుస్తకంలో ఉద్దేశాన్ని రెండు రకాలుగా విడదీశాడు. సంక్రాంతికి ఊరెళ్లాలి అని నవంబర్‌లో అనుకోవడం ఒక రకం, ఆ రోజు పొద్దున బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటే క్షణంలో ఉండేది ఇంకో రకం. మొదటిది ఎన్ని నెలలైనా మనసులో కూర్చోగలదు, కాళ్లని కదిలించేది మాత్రం రెండోదే. పైగా ఆ రెండోదాంట్లో ఏం చేస్తున్నామో తెలియడం ఉంటుంది, చేయాలన్న ఊపు కూడా ఉంటుంది, ఈ రెండూ కలిస్తేనే అది ‘పని’ అవుతుంది. అంతకుముందు 1971లో ఆయన ఇంకో విషయం మీద పేపర్ రాశాడు: చేయకపోవడం. నిద్రపోతున్నవాడు ఎవర్నీ కొట్టడు, కానీ వాడు కొట్టకుండా ఆగాడు అనం. చెయ్యి ఎత్తబోయి ఆపుకున్నవాడిని మాత్రమే ఆగాడు అంటాం. అంటే ఆగడం కూడా ఒక పనే, దానికీ ఒక కర్త ఉంటాడు, దానికీ బాధ్యత ఉంటుంది.

ఆరెగాన్‌లో ఉండగా ఆయనకి డబ్బు కష్టం వచ్చిపడింది. 1990లో ఆ రాష్ట్ర ఓటర్లు ఆస్తిపన్నుకి గరిష్ఠ పరిమితి పెట్టారు, దాంతో ప్రభుత్వం యూనివర్సిటీకి ఇచ్చే డబ్బు బాగా తగ్గింది. కోర్సులు మూసేయాల్సి వచ్చింది, ఉద్యోగాలు పోయాయి, ఫీజు ఎక్కువ కట్టే బయటి రాష్ట్రాల పిల్లలని వెతుక్కోవాల్సి వచ్చింది. ఇండియానాకి వచ్చాక పరిస్థితి మెరుగు. ఆయన హయాంలోనే 2000లో అక్కడ ఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్లతో సమాచారాన్ని వాడుకునే చదువు) స్కూల్ పెట్టారు, అమెరికాలో అలాంటివాటిలో మొట్టమొదట వచ్చినవాటిలో అది ఒకటి. ఈరోజు ఎంఎస్ కోసం ఆ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్ వెళ్లే తెలుగు పిల్లలు చేరే చోట్లలో ఆ స్కూల్ ఒకటి, దాని పునాది పడిన రోజుల్లో ప్రెసిడెంట్‌గా ఉన్నది ఒక ఫిలాసఫీ ప్రొఫెసర్ అని వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు.

కానీ ఇండియానాలో బ్రాండ్ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఇన్ఫర్మాటిక్స్ కాదు, బాబ్ నైట్.

బాబ్ నైట్ అక్కడ మగపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్. 1971 నుంచి 29 ఏళ్లు ఉన్నాడు. 1976, 1981, 1987లో మూడుసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు, 1976లో అయితే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా. 1984 ఒలింపిక్స్‌లో అమెరికా టీమ్‌కి గోల్డ్ తెచ్చిన కోచ్ కూడా ఆయనే. తన ఆటగాళ్లు డిగ్రీ పూర్తి చేయాలని పట్టుబట్టేవాడు, యూనివర్సిటీ లైబ్రరీకి విరాళాలు పోగుచేశాడు. అదే మనిషి 1985లో పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్ మధ్యలో రిఫరీ మీద కోపంతో ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి కోర్టు మీదకి విసిరాడు. ఆ రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్, సినిమా కలిపినంత పిచ్చి. అలాంటి చోట ఆ కోచ్‌ని ముట్టుకునే ధైర్యం ఏ ప్రెసిడెంట్‌కీ లేదు, ఆ కోచ్ జీతం కంటే ఆయన మాట పెద్దది.

2000 మార్చిలో ఒక టీవీ రిపోర్టు వచ్చింది. 1997లో ప్రాక్టీస్‌లో నైట్ తన గొంతు పట్టుకున్నాడని పాత ఆటగాడు ఒకడు చెప్పాడు. నైట్ వైపువాళ్లు అదేం జరగలేదన్నారు. ఏప్రిల్‌లో ప్రాక్టీస్ టేపు బయటపడింది, నైట్ చెయ్యి ఆ కుర్రాడి మెడ మీద ఉండటం అందరూ చూశారు. టేపు కొన్ని సెకన్లే ఉంటుంది. చెయ్యి ముందుకు వెళ్తుంది, మెడ దగ్గర ఆగుతుంది, కుర్రాడి తల వెనక్కి జరుగుతుంది, అంతే.

మన భాషలో కోపం కూడా ‘వస్తుంది’, ఎవరూ ‘చేయరు’. దగ్గు వచ్చినట్టు, నిద్ర వచ్చినట్టు కోపం వస్తుంది, వచ్చాక చెయ్యి లేస్తుంది, నోరు జారుతుంది. ఒక్క వాక్యంలోనూ చేసినవాడు ఉండడు. ‘ఆయనకి కోపం ఎక్కువ గానీ మనసు వెన్న’ అనే మాట ప్రతి ఊళ్లోనూ, ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దమనిషి గురించి వినపడుతుంది. ఇండియానాలో మూడు దశాబ్దాలు నైట్ గురించి జనం అన్నది అచ్చం ఇదే. బ్రాండ్ చేసిన పని ఏంటంటే ఆ వాక్యాలకి కర్తని తిరిగి తెచ్చిపెట్టడం. మే నెలలో నైట్‌కి 30,000 డాలర్ల జరిమానా, మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసి, ఇకమీదట ఇలాంటిది ఒక్కటి జరిగినా సహించేది లేదని షరతు పెట్టాడు. దాని అర్థం: కోపం రావడం నీ చేతిలో లేకపోవచ్చు, ఆగడం నీ చేతిలో ఉంది, ఆ ఆగడాన్నే ఇప్పుడు నీ నుంచి అడుగుతున్నాం. చేయకపోవడం కూడా ఒక పని అని 29 ఏళ్ల కిందట పేపర్ రాసిన మనిషి పెట్టిన షరతులా ఉంటుంది ఇది.

అప్పుడే తీసేయాల్సింది, భయపడ్డాడు అని మీడియాలో చాలామంది బ్రాండ్‌ని తిట్టారు. ఆ విమర్శలో బలం ఉంది. టేపు కళ్ల ముందు ఉన్నాక, అది మొదటిసారి కాదని తెలిశాక, ఇంకో అవకాశం ఇవ్వడం నైట్‌కి న్యాయం చేసినట్టే గానీ గొంతు మీద చెయ్యి పడిన కుర్రాడికి చేసినట్టు కాదు. కాకపోతే ఆ షరతు వల్ల ఒకటి జరిగింది. అంతవరకూ ప్రతి సంఘటననీ విడివిడిగా చూసి ఇది చిన్నది, అది పాతది అని దాటేసేవాళ్లు, షరతు వచ్చాక అవన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలయ్యాయి.

నాలుగు నెలలు కూడా గడవలేదు. సెప్టెంబర్‌లో స్టేడియం దగ్గర 19 ఏళ్ల స్టూడెంట్ ఒకడు నైట్ ఎదురైతే ‘ఏంటి నైట్, సంగతులు’ అన్న ధోరణిలో పలకరించాడు. కోచ్ అనలేదు, మిస్టర్ అనలేదు. నైట్ అతని చెయ్యి పట్టుకుని పెద్దవాళ్లని ఎలా పిలవాలో చెప్పాడు. గట్టిగా పట్టుకున్నాడని స్టూడెంట్, మర్యాద నేర్పానంతే అని నైట్. సార్, గారు లేకుండా పెద్దవాళ్లని పిలిస్తే మన దగ్గర కూడా చెవి మెలేసేవాళ్లు ఉన్నారు కాబట్టి నైట్ వైపు మొగ్గే పాఠకులు ఇక్కడా ఉంటారు. కానీ ప్రశ్న మర్యాద గురించి కాదు. ఇంకొకసారి ఎవరి మీదా చెయ్యి వేయకు అని చెప్పిన నాలుగు నెలలకి చెయ్యి వెళ్లింది. సెప్టెంబర్ 10న బ్రాండ్ నైట్‌ని తీసేశాడు. ఈ ఒక్క సంఘటన వల్లే కాదని, మే తర్వాత వరుసగా సాగిన ప్రవర్తన వల్లనని చెప్పాడు.

ఆ రాత్రి వేలమంది స్టూడెంట్లు క్యాంపస్‌లోనే ఉన్న ప్రెసిడెంట్ ఇంటి మీదకి వెళ్లారు, దిష్టిబొమ్మలు తగలబెట్టారు. బ్రాండ్ భార్య పెగ్ కూడా అదే యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పేది, ఒకే ఇంట్లో ఇద్దరు ఫిలాసఫర్లు, బయట ఒక కోచ్ కోసం అరుస్తున్న గుంపు. ఇక ఇండియానా బాస్కెట్‌బాల్ పని అయిపోయిందని అన్నారు. 2002లో కొత్త కోచ్ మైక్ డేవిస్ ఆధ్వర్యంలో అదే టీమ్ జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

నైట్ వ్యవహారం బ్రాండ్‌ని దేశమంతా తెలిసిన మనిషిని చేసింది. 2001 జనవరిలో వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో చదువే ముందు అనే అర్థం వచ్చే శీర్షికతో మాట్లాడాడు. ఆటల్ని ఆపక్కర్లేదు, సౌండు తగ్గిస్తే చాలు అన్నది ఆ ప్రసంగం సారం. 2003 జనవరిలో ఎన్‌సీఏఏ ప్రెసిడెంట్ అయ్యాడు. యూనివర్సిటీ ప్రెసిడెంట్‌గా పనిచేసినవాడు ఆ కుర్చీలోకి రావడం అదే మొదలు.

ఎన్‌సీఏఏ అంటే ఏంటో మనకి సరిగ్గా తట్టదు, ఎందుకంటే మన దేశంలో దానికి సమానమైనది లేదు. మన దగ్గర మంచి ఆటగాడు అకాడమీలోనో, స్టేట్ అసోసియేషన్ టీమ్‌లోనో, రైల్వేలోనో తయారవుతాడు, కాలేజీ అతనికి అటెండెన్స్ ఇస్తే గొప్ప. అమెరికాలో కాలేజీయే అకాడమీ, కాలేజీయే లీగ్. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ (మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. 1905లో కాలేజీ ఫుట్‌బాల్‌లో కుర్రాళ్లు దెబ్బలు తగిలి చనిపోతుంటే అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకున్నాడు, ఆ కదలికలోంచి 1906లో పుట్టిన సంస్థ ఇది. అంటే మొదట్లో పిల్లల ప్రాణాలు కాపాడటానికి పెట్టింది. బ్రాండ్ వచ్చేనాటికి ఒక్క మగపిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ప్రసారానికే సీబీఎస్ ఛానల్‌తో 11 ఏళ్లకి 600 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది. ఆటగాళ్లకి దొరికేది స్కాలర్‌షిప్, అంటే ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు. ఆ స్కాలర్‌షిప్‌కి బదులుగా దొరకాల్సిన చదువైనా నిజంగా దొరుకుతోందా అన్నది ఆయన చేతికి వచ్చిన మొదటి ప్రశ్న.

దానికి ఆయన హయాంలో 2004లో వచ్చిన జవాబు ఏపీఆర్, అకడమిక్ ప్రోగ్రెస్ రేట్. లెక్క సులువు. స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆటగాడికీ సెమిస్టర్‌కి రెండు పాయింట్లు ఉంటాయి, చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఒకటి, కాలేజీ వదలకుండా ఉంటే ఇంకోటి. టీమ్ మొత్తానికి వచ్చినవాటిని రావాల్సినవాటితో భాగించి 1000తో గుణిస్తారు. అప్పటి లెక్కన బాస్కెట్‌బాల్ టీమ్‌లో 13 స్కాలర్‌షిప్‌లు, ఏడాదికి రెండు సెమిస్టర్లు, మొత్తం 52 పాయింట్లు. సీజన్ అయిపోగానే ఒక స్టార్ ఆటగాడు పరీక్షలు వదిలేసి, ఫెయిలై వెళ్లిపోయాడనుకుందాం. రెండు పాయింట్లు పోతాయి, 50ని 52తో భాగిస్తే టీమ్‌కి సుమారు 962. ఇంకొకడు కూడా అలాగే వెళ్తే 48, అంటే 923. గీత 925 దగ్గర గీశారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒకే ఒక్క సెమిస్టర్, టీమ్ గీత కిందకి పడిపోతుంది. (అసలు స్కోరు నాలుగేళ్ల సగటు మీద చూస్తారు కాబట్టి ఒక్క ఏడాదితో కొంప మునగదు, కానీ రెండు మూడేళ్లు ఇలాగే సాగితే మునుగుతుంది.) మొదట స్కాలర్‌షిప్‌లు కోసేవారు, ఇంకా దిగజారితే ప్రాక్టీస్ గంటలు తగ్గించేవారు, చివరికి టోర్నమెంట్‌లోనే ఆడనివ్వరు.

ఇందులో అసలైన మార్పు శిక్ష ఎవరికి పడుతుంది అన్నదాంట్లో ఉంది. అంతకుముందు ఆటగాడు ఫెయిలైతే నష్టం ఆటగాడికే, కోచ్ వచ్చే ఏడాది ఇంకో కుర్రాడిని తెచ్చుకునేవాడు. ‘కుర్రాడికి చదువు రాలేదు’ అనేవారు, కర్త లేని వాక్యం మళ్లీ. ఏపీఆర్ వచ్చాక ఆ కుర్రాడి మార్కులు కోచ్ లెక్కలోకి, కాలేజీ పరువులోకి ఎక్కాయి. ఇది ఉత్త కాగితం మీద బెదిరింపు కాదని 2013లో తేలింది. 2011లో జాతీయ ఛాంపియన్ అయిన కనెక్టికట్ టీమ్‌ని ఏపీఆర్ తక్కువగా ఉందని 2013 టోర్నమెంట్‌లో ఆడనివ్వలేదు. అప్పటికి బ్రాండ్ పోయి మూడేళ్లు దాటింది, ఆయన పెట్టిన కొలత మాత్రం ఉంది.

అయితే లెక్క పెట్టగానే లెక్కకి సరిపడా మార్కులు పుట్టించడం కూడా మొదలవుతుంది, ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆటగాళ్లందరూ తేలిక అని పేరున్న ఒకే మేజర్‌లో (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టులో) గుంపుగా చేరడం చాలా చోట్ల కనపడింది. అన్నిటికంటే దారుణం నార్త్ కరోలినా యూనివర్సిటీలో జరిగింది. 1993 నుంచి 2011 దాకా అక్కడ క్లాసు జరగని క్లాసులు నడిచాయి, చివర్లో ఒక పేపర్ ఇస్తే మంచి గ్రేడు వచ్చేది. 2014లో బయటికి వచ్చిన విచారణ నివేదిక ప్రకారం 3,100 మందికి పైగా స్టూడెంట్లు వాటిని వాడుకున్నారు, అందులో సగానికి దగ్గరగా ఆటగాళ్లే. ఇది బ్రాండ్ కనిపెట్టిన పద్ధతి వల్ల పుట్టిన రోగం కాదు, ఆయన రాకముందే పదేళ్ల నుంచి ఉంది. కానీ ఆయన ఉన్న ఆరేళ్లూ అది ఆయన కొలతకి దొరక్కుండా సాగింది, ఎందుకంటే ఆ కొలతకి పాసైన గ్రేడే కనపడుతుంది గానీ చదివాడా లేదా అన్నది కనపడదు. ఉద్దేశాల మీద పుస్తకం రాసిన మనిషి పెట్టిన కొలతకి ఉద్దేశం కనపడకపోవడం బాధ కలిగించే విషయం. వేలమంది ఆటగాళ్లని కొలవాలంటే అంతకంటే దారి లేదేమో కూడా.

మిగతా పనుల్లో రెండు గుర్తుపెట్టుకోదగ్గవి. 2005 ఆగస్టులో, అమెరికా ఆదివాసుల్ని కించపరిచే పేర్లు, బొమ్మలు, మస్కట్‌లు ఉన్న కాలేజీలు వాటితో తమ ఛాంపియన్‌షిప్ పోటీల్లోకి రాకూడదని ఎన్‌సీఏఏ ప్రకటించింది. 18 కాలేజీల పేర్లు జాబితాలో పెట్టింది. తన టీమ్‌కి పేరుగా పెట్టుకున్న సెమినోల్ తెగ స్వయంగా మద్దతు ఇచ్చింది కాబట్టి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి మినహాయింపు వచ్చింది, ఇల్లినాయ్ యూనివర్సిటీ 2007లో చీఫ్ ఇల్లినివెక్ అనే తన మస్కట్‌ని ఆపేసింది. ఎవరి పేరు వాడుకుంటున్నారో వాళ్లని అడగాలి అన్న సూత్రం ఇందులో మెచ్చుకోదగ్గది. రెండోది ఆడపిల్లల ఆటలు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలి. 2005లో కేంద్ర విద్యాశాఖ, స్టూడెంట్లకి ఈమెయిల్ సర్వే పంపి ఆసక్తి లేదని తేలితే చాలు అన్నట్టు వెసులుబాటు ఇస్తే బ్రాండ్ గట్టిగా వ్యతిరేకించాడు. ఈమెయిల్‌కి జవాబు ఇవ్వకపోవడం అంటే ఆసక్తి లేదని ఎలా అంటారు? చేయకపోవడానికి అర్థం ఏంటన్నది ఆయనకి కొత్త ప్రశ్న కాదు కదా.

ఇక ఆయన ఆలోచనల్లో అన్నిటికంటే విలువైనది, తనకే ఎదురు తిరిగింది కూడా, 2006లో స్పోర్ట్స్ ఫిలాసఫీ జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఉంది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఆటల్ని చదువుకి బయట పెట్టే కాలక్షేపంగా చూస్తారు, అది తప్పు అన్నాడు. ఉదాహరణకి సంగీతాన్ని తీసుకున్నాడు. ఇండియానా యూనివర్సిటీ సంగీతం స్కూలు ప్రపంచంలో పేరున్నది, ఆయన రోజూ చూసినది. అక్కడ వయొలిన్ నేర్చుకునే పిల్ల రోజుకి గంటలు గంటలు సాధన చేస్తుంది, గురువు దగ్గర ఉంటుంది, కచేరీకి ముందు టెన్షన్ పడుతుంది, వేదిక మీద జనం ముందు వాయిస్తుంది. ఆ కచేరీకి ఆమెకి క్రెడిట్లు ఇస్తారు, డిగ్రీలో కలుపుతారు. బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల చేసేదీ ఇదే, సాధన, గురువు, క్రమశిక్షణ, జనం ముందు పరీక్ష. ఆమెకి ఎందుకు ఇవ్వరు? మెదడుతో చేసేది గొప్పది, ఒంటితో చేసేది తక్కువది అన్న పాత పక్షపాతం తప్ప ఇంకో కారణం లేదన్నాడు. ఆడుకుంటే చదువు పాడవుతుందని పదో తరగతి రాగానే బ్యాటు అటక మీద పెట్టించే మన ఇళ్లల్లో, గ్రౌండు లేకుండా అపార్ట్‌మెంట్‌లో నడిచే కాలేజీల్లో కూడా ఉన్నది ఇదే పక్షపాతం. సంగీతం క్లాసుకి పంపినంత గౌరవంగా కబడ్డీకి పంపే తల్లిదండ్రులు ఎంతమంది? బ్రాండ్ వాదం ఈ మాట చాలా శుభ్రంగా అడుగుతుంది.

కానీ ఆ వయొలిన్ పిల్ల ఇంకోటి కూడా చేయవచ్చు. శని ఆదివారాలు పెళ్లిలో వాయించి డబ్బు తీసుకోవచ్చు, రికార్డు చేసి అమ్ముకోవచ్చు, తన పేరు మీద పిల్లలకి పాఠాలు చెప్పుకోవచ్చు. ఆమె స్కాలర్‌షిప్‌ని ఎవరూ లాక్కోరు. బాస్కెట్‌బాల్ పిల్ల తన పేరు మీద ఒక్క డాలర్ తీసుకున్నా అప్పటి రూల్స్ ప్రకారం ఆట నుంచి బయటికి. ఇద్దరూ ఒకటే అని చెప్పిన మనిషి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ వేరు అన్నాడు. అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడటం) అన్నది ఆడేవాళ్లకి వర్తించే మాట, ఆటల్ని నడిపే వ్యవస్థకి కాదు అన్నది బ్రాండ్ వైఖరి. అంటే కాలేజీలు టీవీల దగ్గర, స్పాన్సర్ల దగ్గర ఎంతైనా సంపాదించవచ్చు, అది చదువు కోసం ఖర్చు పెడతారు కాబట్టి తప్పులేదు, ఆడేవాళ్లు మాత్రం స్టూడెంట్లు కాబట్టి జీతం ఉండకూడదు. 2006లో పన్నులు చూసే కాంగ్రెస్ కమిటీ ఛైర్మన్ బిల్ థామస్, ఇంత సంపాదించే మీకు పన్ను మినహాయింపు ఎందుకో చెప్పండి అని లేఖ రాస్తే, బ్రాండ్ ఇదే వాదంతో పొడుగాటి జవాబు పంపాడు. నిజాయితీగానే నమ్మాడు అనిపిస్తుంది. ఆటల మీద వచ్చే డబ్బుతోనే ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ లాంటి డబ్బు రాని ఆటలు నడుస్తాయన్న ఆందోళన ఆయనకి ఉంది, అది నిజమైనదే. అయినా పూలు అమ్మినవాడికి డబ్బు, పూయించినవాడికి పుణ్యం అన్నట్టున్న ఈ విభజన ఎన్నాళ్లు నిలుస్తుంది?

2009 జనవరిలో తనకి పాంక్రియాస్ క్యాన్సర్ ఉందని బ్రాండ్ బయటికి చెప్పాడు. ఆ నెల ఎన్‌సీఏఏ వార్షిక సమావేశంలో ఆయన రాసుకున్న ప్రసంగాన్ని సహోద్యోగి చదివాడు.

అదే ఏడాది జూలైలో ఎడ్ ఒబానన్ ఎన్‌సీఏఏ మీద కోర్టుకి వెళ్లాడు. 1995లో లాస్ ఏంజలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌ని ఛాంపియన్ చేసిన ఆటగాడు. తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లాడు వీడియో గేమ్ ఆడుతుంటే తెర మీద తనని తాను చూసుకున్నాడు. పేరు లేదు, మిగతా అంతా తనే: అదే టీమ్, జెర్సీ మీద 31, అదే ఎడమ చేతి వాటం. తెర మీద ఆ చెయ్యి లేస్తోంది, బంతి బుట్టలో పడుతోంది, ఎత్తుతున్నది ఒబానన్ కాదు. గేమ్ అమ్ముడుపోతోంది, ఆయనకి పైసా రాదు, అసలు ఎవరూ అడగనే లేదు. చెయ్యి లేవడానికీ ఎత్తడానికీ మధ్య తేడాని జీవితమంతా ఆలోచించిన బ్రాండ్ ఈ కేసు గురించి తీరిగ్గా ఏం రాసి ఉండేవాడో చదివే అవకాశం రాలేదు. కేసు వేసిన రెండు నెలలకి, సెప్టెంబర్ 16న, 67 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు.

ఆ కేసుతో మొదలైన పగులు పెద్దదైంది. 2014లో కింది కోర్టు ఒబానన్ వైపు తీర్పు ఇచ్చింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ అనే పాత ఆటగాడి పేరుతో నడిచిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, కొద్ది రోజులకే, జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద డబ్బు సంపాదించుకునే వీలు వచ్చింది. వయొలిన్ పిల్లకి ఎప్పటినుంచో ఉన్నది బాస్కెట్‌బాల్ పిల్లకి అప్పుడు దక్కింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం పాత ఆటగాళ్లకి 280 కోట్ల డాలర్ల బకాయి చెల్లించాలి, ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది (2025-26) దాని పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కి, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి వెళ్తోంది. అది వాళ్లకి ఎప్పుడో దక్కాల్సింది, అందులో అన్యాయం లేదు. కానీ కాలేజీల ఖజానా ఒక్కటే. కుస్తీ మ్యాట్‌కి, ఈతకొలనుకి, ఆడపిల్లల టీమ్ బస్సుకి డబ్బు వచ్చేదీ అందులోంచే, ఇప్పుడు బడ్జెట్ మీటింగుల్లో వేటిని ఆపేయాలా అని చూస్తున్నది కూడా వాటివైపే.